చిన్న మున్సిపాలిటీకి ఆస్తుల నిర్వహణ ప్రణాళిక: ఎక్కడ మొదలుపెట్టాలి, దేన్ని తర్వాతకు ఉంచాలి?

నాగావళి_గట్టు

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లాలో యాభై అరవై వేల జనాభా ఉన్న మున్సిపాలిటీ అనుకోండి. నదిలో ఇన్‌ఫిల్ట్రేషన్ బావులు (ఇసుకలోంచి ఊరే నీటిని తీసేవి), అయిదారు ఓవర్‌హెడ్ ట్యాంకులు, నలభై కిలోమీటర్ల పైపులైను. అందులో సగం పాత ఏసీ (ఆస్‌బెస్టాస్ సిమెంటు) పైపు, మిగతాది పీవీసీ, కొత్తగా వేసిన డీఐ (డక్టైల్ ఇనుము), హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్). సీసీ రోడ్లు, కాలువలు, వీధి దీపాలు, రెండు కల్వర్టులు, ఒక శ్మశానం, మార్కెట్ షెడ్లు. ఇంజినీరింగ్ విభాగంలో ముగ్గురు ఉద్యోగులు, వారు కాక నలుగురు ఫిట్టర్లు, వార్డు సచివాలయాల్లో వసతుల కార్యదర్శులు.

వీటన్నిటికీ పదేళ్ల ఆస్తుల నిర్వహణ ప్రణాళిక రాయాలి. సాఫ్ట్‌వేర్ కొంటే పని సులువవుతుందని కొందరంటున్నారు, ముందు ఊరంతా సర్వే చేయించమని మరికొందరు. డబ్బు తక్కువ, మనుషులు ఇంకా తక్కువ. ఏ వరసలో వెళ్తే బడ్జెట్ సమావేశం నాటికి పనికొచ్చే కాగితం చేతికి వస్తుంది?

వంశధార

సాఫ్ట్‌వేర్ ఇప్పుడు వద్దు. ఊరంతా సర్వే కూడా ఇప్పుడే వద్దు. ప్రతి దీపస్తంభానికీ నంబరు వేసి, ఫొటో తీసి, వేల వరసల పట్టిక తయారు చేస్తే అది ఏడాదిలో పాతబడుతుంది. దాన్ని మార్చే మనిషి ఉండడు. పనికొచ్చే ప్రణాళిక అంటే వచ్చే ఏడాది బడ్జెట్లో ఒక అంకెనైనా మార్చేది.

మొదట ఒక్క ప్రశ్న వేసుకోండి: రేపు తెల్లారి ఏది ఆగిపోతే ఊరికి నీళ్లు రావు? బావుల్లో పంపులు, వాటి ప్యానెళ్లు, ట్రాన్స్‌ఫార్మర్, ముడినీటి మెయిన్, క్లోరినేటర్, ట్యాంకుల ఇన్‌లెట్, ఔట్‌లెట్ వాల్వులు, రైల్వే లైను కింద నుంచో హైవే కింద నుంచో దాటే పైపు. మీరు చెప్పిన సైజు ఊళ్లో ఇవన్నీ కలిపినా వందకు అటూ ఇటూగా ఉంటాయి. ముందు ఆ వందా పూర్తిగా తెలుసుకోవాలి. మిగతావి వీధి స్థాయిలో గంపగుత్తగా చాలు: ఫలానా వీధి, 100 మి.మీ. పీవీసీ, 320 మీటర్లు, వేసిన సంవత్సరం.

ఒక్కో దానికి రెండు మార్కులు వేయండి. స్థితికి 1 నుంచి 5: 1 అంటే కొత్తది, 5 అంటే నేడో రేపో పోయేది. పర్యవసానానికీ 1 నుంచి 5: ఎంతమందికి ఇబ్బంది, బాగుచేయడానికి ఎన్ని గంటలు, ప్రాణాపాయం ఉందా. రెండూ గుణించి పెద్ద అంకె నుంచి వరస పెట్టండి. ఒక్క జాగ్రత్త ఉంది. పర్యవసానం 5 ఉన్న ఆస్తి స్థితి ఎవరికీ తెలియకపోతే, చూసి తేల్చేదాకా దానికి 4 వేసుకోవాలి. "బాగానే ఉందనుకుంటా" అని 2 వేస్తే అది జాబితా అడుగుకు జారిపోయి, ఎవరూ దాని మూత తీసి చూడరు.

బహుదా_ఫిట్టర్

సార్, వాల్వుల సంగతి రాస్తాను. కాగితం మీద వాల్వు ఉన్నా, రోడ్డు మీద దొరకదు. ఏటంటే సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ చాంబర్ మూత కిందే ఉండిపోద్ది, పైన కాంక్రీటు పడిపోద్ది. పైపు పగిలితే ఆ వీధి వాల్వు దొరక్క ట్యాంకు దగ్గరే కట్టేయాలి, అంటే నాలుగు వార్డులకు నీళ్లు బంద్.

కాబట్టి మొదటి పని వాల్వులు వెతికి తిప్పడం. మూత తీసి, మట్టి తోడి, కీ పెట్టి మెల్లగా పూర్తిగా మూసి, మళ్లీ పూర్తిగా తెరవాలి. ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకోవాలి. స్లూయిజ్ వాల్వుకు (గేటు దించి మూసే రకం) మోటు లెక్క ఒకటుంది: అంగుళాల సైజును 3తో గుణించి 2 గాని 3 గాని కలపాలి. 4 అంగుళాలది 14, 15 చుట్లు, 6 అంగుళాలది 20, 21, 8 అంగుళాలది 26, 27. కంపెనీని బట్టి కొంచెం మారుద్ది. 6 అంగుళాల వాల్వు 11 చుట్లకే ఆగిపోయిందంటే లోపల తుక్కు ఉన్నట్టు, లేదా గేటు సగంలో పట్టేసినట్టు. ఊరికే తిరుగుతూ ఉందంటే స్పిండిల్ (గేటును ఎత్తి దించే కడ్డీ) నట్టు అరిగిపోయినట్టు. బిగుసుకుపోయిన దానికి పొడుగు గొట్టం తగిలించి బలం చేయకండి, స్పిండిల్ విరిగిపోద్ది. రెండు చుట్లు మూయడం, ఒక చుట్టు తెరవడం, అలా ముందుకీ వెనక్కీ ఆడిస్తే లోపలి తుప్పు కడుక్కుపోతాది.

ఏ వైపు తిప్పితే మూసుకుంటాదో కూడా రాయాలి. అన్నీ ఒకే వైపు ఉండవు. తెలియని మనిషి మూస్తున్నాననుకుని తెరిచిన వైపే బిగించి పాడుచేస్తాడు.

మేప్‌మాస్టర్_విజ

ఫిట్టర్ గారు చెప్పినవన్నీ నేరుగా పట్టికలో గడులు అయిపోతాయి: సైజు, చుట్లు, మూసే దిశ, ఎక్కడ ఆగింది, చాంబర్ లోతు, మూత ఉందా, చివరిసారి తిప్పిన తేదీ.

పటాలు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్, ఫోన్లో దాని జోడీ క్యూఫీల్డ్ రెండూ ఉచితం. వీటితో మొదలుపెట్టొచ్చు. అయితే ఫోన్ జీపీఎస్ నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. కాంక్రీటు కింద పడిన మూతను వెతకడానికి ఆ తేడా చాలా ఎక్కువ. అందుకని ప్రతి ముఖ్యమైన వాల్వుకూ రెండు పక్కా మూలల నుంచి టేపు కొలత రాయండి: "స్కూలు ప్రహరీ ఈశాన్య మూల నుంచి 6.40 మీ., ఎదురు కల్వర్టు గోడ చివర నుంచి 4.15 మీ." కొలత కరెంటు స్తంభం నుంచి తీసుకోకండి, తుపానుకు పడిపోతే దాని చోటు మారుతుంది.

ఇంకో సంగతి, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లకు. యూటీఎం అంటే భూమిని జోన్లుగా విడదీసి చోటును మీటర్లలో చెప్పే పద్ధతి. అందులో జోన్ 44, జోన్ 45 హద్దు 84 డిగ్రీల తూర్పు రేఖాంశం. విజయనగరం, బొబ్బిలి, రాజాం, ఆమదాలవలస, శ్రీకాకుళం పట్టణం దానికి పడమర, అంటే జోన్ 44. పలాస-కాశీబుగ్గ, ఇచ్ఛాపురం తూర్పున, జోన్ 45. కన్సల్టెంటు ఇచ్చిన పైపుల డ్రాయింగ్ 44లో, మీ సర్వే 45లో ఉండి, ఎవరో జోన్ లేబుల్ తప్పు పెడితే పైపులైను వందల కిలోమీటర్ల అవతల కనిపిస్తుంది. అప్పుడు దాన్ని చేత్తో జరిపి సర్దేస్తారు, ఇక ఏ కొలతనూ నమ్మలేం. క్షేత్రంలో అక్షాంశ రేఖాంశాల్లోనే సేకరించండి. వచ్చే ప్రతి డ్రాయింగ్‌కూ జోన్ ఏదో రాతపూర్వకంగా అడగండి.

ఆస్తి నంబర్లో వార్డు నంబరు కలపొద్దు. వార్డుల పునర్విభజన జరిగితే నంబర్లన్నీ మార్చాల్సి వస్తుంది. రకం, వరస సంఖ్య చాలు: వాల్వు-0147. వార్డును వేరే గడిలో పెట్టుకోండి.

పద్దులపుస్తకం

అకౌంట్స్ వైపు నుంచి. 2004 జాతీయ మున్సిపల్ అకౌంట్స్ మాన్యువల్ పద్ధతిలో స్థిరాస్తుల రిజిస్టరు మీ దగ్గర ఇప్పటికే ఉండాలి. పద్దు 410 స్థిరాస్తులు, 411 కూడబడిన తరుగుదల, 412 జరుగుతున్న పనులు. ఇంజినీరింగ్ వాళ్లు వేరే రిజిస్టరు పెట్టుకుంటే రెండేళ్లలో రెండూ రెండు కథలు చెబుతాయి. వరస సంఖ్య రెండింట్లోనూ ఒకటే ఉండాలి.

ముందు 412 తెరిచి చూడండి. ఎప్పుడో పూర్తయి, జనం వాడుకుంటున్న రోడ్లు, ట్యాంకులు ఇంకా "జరుగుతున్న పనులు" కింద ఉండిపోతాయి. పని పూర్తయిన ధ్రువపత్రం ఇంజినీరింగ్ విభాగం నుంచి రాకపోవడమే కారణం. పద్దు 410కి మారనంత వరకూ దానిపై తరుగుదల పడదు. పుస్తకాల్లో అది ఎప్పటికీ కొత్తదే.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. ఉచితంగా వచ్చిన ఆస్తిని మాన్యువల్ ప్రకారం ఒక్క రూపాయి విలువకు రాస్తారు. పూర్తిగా తరిగిపోయిన పాత పైపులైను విలువ సున్నా దగ్గర ఉంటుంది. పుస్తక విలువ సున్నా అయినంత మాత్రాన మార్చే ఖర్చు సున్నా కాదు. అందుకే తరుగుదల అంకెను తెచ్చి "ఏటా ఇంత పక్కన పెడితే చాలు" అని రాయకండి. రిజిస్టరులో కొత్త గడి పెట్టండి: నేటి రేటుకు మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చు. దాన్ని మిగిలిన ఆయుష్షుతో కాకుండా మొత్తం ఆయుష్షుతో భాగిస్తే సగటు ఏడాది భారం వస్తుంది.

మీరు చెప్పిన ఊరికి మోటుగా వేస్తే, రేట్లు ఉదాహరణకే, మీ ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక రేట్ల పట్టిక) రేట్లు పెట్టుకోండి: పైపు 40 కి.మీ., రోడ్డు పూడ్చడంతో కలిపి మీటరు రూ.2,500, మొత్తం రూ.10 కోట్లు, 50 ఏళ్లు, ఏడాదికి రూ.20 లక్షలు. ట్యాంకులు రూ.6 కోట్లు, 50 ఏళ్లు, రూ.12 లక్షలు. పంపులు, ప్యానెళ్లు రూ.60 లక్షలు, 15 ఏళ్లు, రూ.4 లక్షలు. నీటి సరఫరాకే ఏడాదికి రూ.36 లక్షలు. కరెంటు బిల్లు, జీతాలు, బ్లీచింగ్ ఇందులో లేవు. ఈ అంకె కౌన్సిల్ ముందు పెట్టాలి.

నాగావళి_గట్టు

ఆయుష్షులు ఎక్కడి నుంచి తీసుకోవాలి? కేంద్ర ప్రభుత్వ ప్రజారోగ్య ఇంజినీరింగ్ సంస్థ సీపీహెచ్ఈఈఓ 1999 మాన్యువల్లో పంపులకు 15, పంపిణీ పైపులకు 30, సర్వీస్ రిజర్వాయర్లకు (పంపిణీ ట్యాంకులకు) 15 అని చూశాను.

వంశధార

అవి డిజైన్ కాలాలు, ఆయుష్షులు కావు. జనాభా పెరుగుదలను ఎన్నేళ్ల ముందు వరకు లెక్కించి సైజు నిర్ణయించాలో చెప్పే అంకెలవి. రిజర్వాయరుకు 15 అంటే 15 ఏళ్లకు కూలుతుందని కాదు, సామర్థ్యం చాలకపోవచ్చని. కాంక్రీటు 50 ఏళ్లు నిలబడొచ్చు. అదే సముద్రానికి దగ్గర్లో, కవర్ (కడ్డీ మీద కాంక్రీటు మందం) సరిగ్గా లేకుండా కట్టింది 25 ఏళ్లకే కడ్డీ బయటపెట్టొచ్చు.

ట్యాంకు చూసేటప్పుడు పైనుంచి మొదలుపెట్టకండి. కింద నిలబడి అడుగు పలక అడుగుభాగం, కాలమ్, బ్రేస్ కలిసే చోట్లు చూడండి. కడ్డీ వెంబడి నిలువు పగులు, తుప్పు మరక, సుత్తితో తడితే బోలుగా మోత. ఈ మూడింట్లో ఏది కనిపించినా స్థితి 4. పెచ్చు ఊడి కడ్డీ కనిపిస్తే 5. అప్పుడు రీబౌండ్ హ్యామర్ (కాంక్రీటు గట్టిదనం), హాఫ్‌సెల్ (కడ్డీ తుప్పు) పరీక్షలతో నిర్మాణ నిపుణుడి చేత చూపించాలి. పైన సున్నం కొట్టి, లోపల వాటర్‌ప్రూఫింగ్ పూస్తే ఈ జబ్బు తగ్గదు, కనపడకుండా పోతుంది, అంతే. నిచ్చెన, రెయిలింగ్ స్థితి కూడా విడిగా రాయండి. ట్యాంకు బాగానే ఉండి, తుప్పు పట్టిన నిచ్చెన వల్ల మనిషి పడే ప్రమాదం ఉంటుంది.

చంపావతి

పంపుల స్థితి కంటితో చూసి మార్కులు వేయడం తప్పు. కొత్త రంగు వేసిన పంపు కరెంటు తాగేస్తూ ఉండొచ్చు. కొలవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు.

ట్యాంకు గుండ్రంగా 12 మీటర్ల వ్యాసం అయితే వైశాల్యం 113 చ.మీ. ఔట్‌లెట్ కట్టేసి పంపు నడపండి. అరగంటలో మట్టం 44 సెం.మీ. పెరిగితే దాదాపు 50 ఘనపు మీటర్లు, అంటే గంటకు 100. డెలివరీ గేజి (పంపు తోసే ఒత్తిడి చూపేది) పంపు దగ్గర కిలోకు 10 మీటర్ల చొప్పున చదివి, బావిలో నీటిమట్టం నుంచి గేజి దాకా ఎత్తు కలపండి. 45 మీటర్లు వచ్చిందనుకుందాం. గంటకు ఘనపు మీటర్లను మీటర్లతో గుణించి 367తో భాగిస్తే నీటికి అందిన శక్తి: 100 × 45 ÷ 367 = 12.3 కిలోవాట్లు. ఆ అరగంటలో కరెంటు మీటరు 13.5 యూనిట్లు తిరిగితే 27 కిలోవాట్లు లాగుతోంది. సామర్థ్యం 45 శాతం.

మోటారుతో కలిపి 70 శాతం ఉన్న సెట్ పెడితే 17.5 కిలోవాట్లు చాలు. తేడా 9.5. రోజుకు 16 గంటలు నడిస్తే ఏడాదికి 55 వేల యూనిట్లు. యూనిట్ రూ.7 అనుకుంటే రూ.3.8 లక్షల పైన. పాత పంపు ఇంకా నడుస్తోంది కదా అని దాన్ని జాబితా అడుగున ఉంచితే, ఈ డబ్బు ఏటా బిల్లు రూపంలో పోతుంది.

చదివేటప్పుడు రెండు తప్పులు తరచూ జరుగుతాయి. సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) మీటర్లకు మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్ ఉంటుంది, దానితో గుణించడం మరిచిపోతారు. బిల్లింగ్ కేవీఏహెచ్‌లో ఉంటే ఆ రీడింగ్ తీసుకుని సామర్థ్యం కట్టొద్దు, కేడబ్ల్యూహెచ్ (నిజంగా వాడిన యూనిట్లు) రీడింగ్ తీసుకోవాలి. రెండింటికీ తేడా ఎక్కువ ఉంటే కెపాసిటర్లు పోయాయని అర్థం, అది వేరే చవక మరమ్మతు.

వేసవిలో ఒకసారి, వరద తగ్గాక ఒకసారి ఈ పరీక్ష చేయండి. ఇన్‌ఫిల్ట్రేషన్ బావిలో మట్టం ఎండాకాలం దిగిపోతే పంపు పని చేసే హెడ్ (నీటిని ఎత్తాల్సిన ఎత్తు) మారుతుంది. పంపు ఆపి ఉన్నప్పటి మట్టం, గంట నడిచాక మట్టం రెండూ రాసి ఉంచుకుంటే, దిగుబడి తగ్గుతున్నది నది వల్లా, బావి రేడియల్స్ (బావిలోకి నీళ్లు తెచ్చే చిల్లుల గొట్టాలు) పూడుకోవడం వల్లా అన్నది విడదీయొచ్చు. ఆగినప్పటి మట్టం కూడా దిగితే నది, అది అలాగే ఉండి నడిచినప్పుడు మాత్రమే ఎక్కువ దిగితే బావి.

బహుదా_ఫిట్టర్

ట్యాంకు లెక్క చెప్పారు కాబట్టి ఇంకోటి. రాత్రి ఇన్‌లెట్, ఔట్‌లెట్ రెండూ కట్టేసి మట్టం గుర్తు పెట్టండి. అదే 12 మీటర్ల ట్యాంకు తెల్లారేసరికి 5 సెం.మీ. దిగితే 5,600 లీటర్లు పోయినట్టే. ట్యాంకు గోడ తడిగా లేకపోతే ఔట్‌లెట్ వాల్వు పట్టడం లేదని లెక్క. మన దగ్గర రోజంతా సరఫరా ఉండదు కాబట్టి పుస్తకాల్లో చెప్పే అర్ధరాత్రి ప్రవాహం కొలత కుదరదు, ఇదే కుదురుద్ది.

గెడ్డగట్టు

అందరూ నీళ్ల మీదే ఉన్నారు. రోడ్లు, కాలువలు కలపకపోతే ఈ ప్రణాళిక సగమే. నీటి పైపు ఏ ఏడాది మారుస్తారో తెలియకుండా రోడ్డు కార్యక్రమం రాస్తే, కొత్త సీసీని ఆరు నెలల్లో కోయాలి. కోసిన చోట అడుగున ఇసుక సరిగ్గా కుదించకుండా పైన కాంక్రీటు పోస్తే వానలకు కుంగుతుంది. నా మాట ఒకటే: వీధికి ఒక వరస, అందులో పైపు స్థితి, కాలువ స్థితి, రోడ్డు స్థితి పక్కపక్కన. పైపు స్థితి 4 గాని 5 గాని అయిన వీధిలో రోడ్డు పని మంజూరు చేయకూడదని కౌన్సిల్ తీర్మానం ఉండాలి. రోడ్డు వేస్తే తప్పనిసరిగా పాతదాన్ని తవ్వి అదే లెవెల్లో వేయాలి. ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ పోతే ఇళ్ల గడపలు రోడ్డు కిందికి పోతాయి, వాన నీళ్లు ఇళ్లలోకి తిరుగుతాయి.

కాలువలకు పొడవు, వెడల్పు మాత్రమే రాస్తారు. అసలు కావాల్సింది అడుగు లెవెల్. ప్రతి 30 మీటర్లకూ ఆటోలెవెల్ (ఎత్తుపల్లాలు కొలిచే పరికరం) పెట్టి అడుగు లెవెల్ తీయండి. 0.6 మీ. వెడల్పు కాలువ సగం నిండి పారుతున్నప్పుడు వెయ్యికి ఒకటి వాలు ఉంటే నీటి వేగం సెకనుకు 0.6 మీటరు దగ్గర ఉంటుంది. వాలు అంతకంటే తగ్గితే ఇసుక అక్కడే కూర్చుంటుంది, ఎన్నిసార్లు పూడిక తీసినా మళ్లీ అదే చోట పేరుకుంటుంది. ఆ ముక్కకు కూలీ ఖర్చు పెట్టడం వృథా, అడుగు పగలగొట్టి మళ్లీ వేయాలి.

పూడిక లెక్క: కిలోమీటరు కాలువలో 20 సెం.మీ. మందం ఉంటే 120 ఘనపు మీటర్లు. ట్రాక్టరు ట్రాలీకి 3 చొప్పున 40 ట్రిప్పులు. ఇది తెలియకుండా మే నెలలో టెండరు పిలిస్తే జూన్ వానలు వచ్చేస్తాయి, తీసిన పూడిక గట్టు మీదే ఉండి మళ్లీ కాలువలోకి జారుతుంది. పనిని ఊరి చివర గెడ్డలో (వాగులో) కలిసే చోటి నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. పైన శుభ్రం చేసి కింద మూసుకుపోయి ఉంటే నీళ్లు మధ్య వీధిలో నిలుస్తాయి.

వంశధార

గెడ్డగట్టు గారూ, వీధికి ఒక వరస అన్నది చాలా మంచి మాట. నేను అడుగుతున్న వంద ఆస్తుల జాబితా పక్కన ఇది రెండో పట్టిక కావాలి.

కాలువలకు తాగునీటితోనూ సంబంధం ఉంది. ఇంటి కుళాయి కనెక్షన్ జీఐ (జింకు పూత ఇనుప) గొట్టాలు కాలువ అడ్డంగా, చాలాచోట్ల కాలువ లోపల నుంచే వెళ్తాయి. తుప్పు పట్టి రంధ్రం పడితే, సరఫరా ఆగి పైపులో ఒత్తిడి పోయినప్పుడు కాలువ నీళ్లు లోపలికి పీల్చుకుంటాయి. మొదటి పది నిమిషాల నీళ్లు వాసన వస్తున్నాయన్న ఫిర్యాదు ఏ వీధి నుంచి వచ్చినా దాన్ని పైపు స్థితి గడిలోకి ఎక్కించండి. చివరి కుళాయి దగ్గర మిగులు క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు తగ్గిన చోట్లు కూడా. వసతుల కార్యదర్శుల చేత పరీక్ష చేయిస్తే ఈ రెండూ పైసా ఖర్చు లేని స్థితి సర్వే.

పద్దులపుస్తకం

ఏసీ పైపుల దగ్గర అందరూ తొందరపడతారు కాబట్టి ఒక లెక్క. ఒక కిలోమీటరు ఏసీ లైను ఏడాదికి 9 సార్లు పగిలిందనుకోండి. ఒక్కో మరమ్మతుకు తవ్వకం, కూలీ, కాలరు (పైపులను కలిపే తొడుగు), రోడ్డు పూడ్చడం కలిపి రూ.12,000. ఏడాదికి రూ.1.08 లక్షలు. మార్చాలంటే రూ.25 లక్షలు. 50 ఏళ్లతో భాగిస్తే ఏడాదికి రూ.50 వేలే, కాబట్టి మార్చేయొచ్చు అనిపిస్తుంది. కానీ 8 శాతం వడ్డీతో లెక్కిస్తే ఏడాది భారం రూ.2.04 లక్షలు. అంటే పగుళ్లు 17 దాటితే గాని కిలోమీటరు మొత్తం మార్చడం గిట్టదు. గ్రాంటు డబ్బుకు వడ్డీ లేదు కదా అనకండి. అదే రూపాయితో పంపు మార్చితే ఎంత మిగులుతుందో చంపావతి గారు పైన చూపించారు.

చంపావతి

దీంట్లో పోయిన నీటి విలువ, జనం ఇబ్బంది, కాలుష్యం లేవు.

పద్దులపుస్తకం

నిజమే, అవి కలిపితే 17 అన్నది తగ్గుతుంది. అయినా చేయాల్సిన పని మారదు: పగిలిన చోట్లు పటం మీద పెట్టండి. పగుళ్లు సమానంగా పరుచుకుని ఉండవు. ఆ 9లో 6 ఒకే 250 మీటర్లలో ఉంటే, ఆ ముక్క మార్చడానికి రూ.6.25 లక్షలు, ఏడాది భారం రూ.51 వేలు. ఆదా అయ్యే మరమ్మతులు రూ.72 వేలు. అది వెంటనే మార్చదగ్గది. మిగతా 750 మీటర్లు ఆగొచ్చు. ప్రతి మరమ్మతు ఎం-బుక్‌లో (పని కొలతల పుస్తకంలో) చోటు, లోతు, పైపు రకం, పగులు తీరు రాయకపోతే ఈ తేడా ఎప్పటికీ తెలియదు. "వివిధ వార్డుల్లో లీకేజీల మరమ్మతు" అని నెలకో బిల్లు పెట్టడం ఆపాలి.

బహుదా_ఫిట్టర్

పగులు తీరు అన్నారు కదా, మూడే రకాలు రాస్తే చాలు. పైపు చుట్టూ గుండ్రంగా విరిగితే కింద నేల కుంగినట్టు, లేదా పైన లారీ బరువు. పొడుగునా చీలితే ఒత్తిడి, వాల్వు దబాల్న మూయడం. కాలరు దగ్గర కారితే రబ్బరు రింగు పాతబడింది.

ఏసీ పైపుకు కాలర్లు స్టాకు పెట్టేటప్పుడు బయటి చుట్టుకొలత టేపుతో తీసి 3.14తో భాగించండి. పైపు క్లాసు మారితే బయటి కొలత మారుద్ది. డీఐకి, పీవీసీకి సరిపోయేది దీనికి పట్టదు. సైజు, క్లాసు వారీగా రెండేసి కాలర్లు షెడ్డులో ఉంటే మరమ్మతు ఆ పూటే అయిపోద్ది, లేకపోతే విశాఖపట్నం నుంచి రావాలి. ఏసీ పైపును గ్రైండర్‌తో కొయ్యకండి బాబూ. ఆ ధూళి ఆస్‌బెస్టాస్, ఊపిరితిత్తుల్లోకి పోద్ది. నీళ్లు పోస్తూ చేతి రంపంతో కోయాలి, మాస్కు కట్టుకోవాలి. పాత లైను మార్చినా తవ్వి తీయక్కర్లేదు, భూమిలోనే ఒగ్గేసి రెండు చివర్లూ మూసేసి, పటంలో "వాడుకలో లేదు" అని రాయాలి.

నాగావళి_గట్టు

చాలా ఉపయోగంగా ఉంది. తుపాను సంగతి ప్రణాళికలో ఎక్కడ పెట్టాలి? 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ, 2021 గులాబ్, మన తీరానికి ఇది అరుదైన విషయం కాదు.

చంపావతి

విడి అధ్యాయం వద్దు. ఆ వంద ఆస్తుల పట్టికలోనే ఒక గడి: కరెంటు మూడు రోజులు లేకపోతే ఇది నడుస్తుందా? తిత్లీ అక్టోబరు 11న పలాస ప్రాంతంలో తీరం దాటాక ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో రోజుల తరబడి కరెంటు లేదు. పంపు, పైపు, ట్యాంకు అన్నీ బాగున్నా నీళ్లు రావు.

పైన చెప్పిన 27 కిలోవాట్ల పంపుకు స్టార్-డెల్టా స్టార్టర్ (మొదట్లో మోటారు లాగే కరెంటును తగ్గించేది) ఉంటే 62.5 కేవీఏ జనరేటర్ మామూలుగా సరిపోతుంది. కొనేముందు తయారీదారు చేత స్టార్టింగ్ లెక్క వేయించండి. లీటరు డీజిలుకు మూడు, మూడున్నర యూనిట్లు వస్తాయి. గంటకు 8, 9 లీటర్లు, 16 గంటలకు 140 దాకా. రెండు వందల లీటర్ల డ్రమ్ము రెండు రోజులకు చాలదు. పెట్రోలు బంకుల్లో కూడా కరెంటు ఉండదని గుర్తుంచుకుని ముందే నింపాలి.

అద్దె జనరేటర్ తెప్పిస్తే ఎక్కువగా జరిగే తప్పు ఫేజుల వరస తారుమారు కావడం. పంపు తిరుగుతుంది, శబ్దం వస్తుంది, నీళ్లు సరిగ్గా రావు, ఎందుకంటే వెనక్కి తిరుగుతోంది. ఛేంజోవర్ స్విచ్ (లైను కరెంటు నుంచి జనరేటర్‌కు మార్చేది) దగ్గర ఫేజు వరస రంగులతో రాసి పెట్టండి. నెలకోసారి లోడు మీద అరగంట నడపండి. ఖాళీగా నడిపితే బ్యాటరీ బాగుందని తెలుస్తుంది తప్ప పంపును ఎత్తగలదో లేదో తెలియదు. ప్యానెల్ బోర్డు గది నేల వరద మట్టం కంటే పైన ఉందా అన్నది కూడా రాయాలి. నది ఒడ్డు పంప్‌హౌసుల్లో నీళ్లు మోటారుకంటే ముందు ప్యానెల్‌ను ముంచుతాయి.

మేప్‌మాస్టర్_విజ

కొత్త పథకాల స్వాధీనం గురించి ఎవరూ రాయలేదు. అమృత్ లాంటి కేంద్ర పట్టణ పథకాల్లో పనిని ప్రజారోగ్య ఇంజినీరింగ్ విభాగం చేసి మున్సిపాలిటీకి అప్పగిస్తుంది. స్వాధీనం తీసుకునే రోజే వేసిన తీరు డ్రాయింగ్ డిజిటల్ ఫైలుగా, వాల్వుల జాబితా, పంపుల పనితీరు వక్రరేఖలు, టెస్ట్ సర్టిఫికెట్లు, లోపాల బాధ్యత గడువు (కాంట్రాక్టరు లోపాలను సరిచేయాల్సిన కాలం) తేదీ తీసుకోండి. డ్రాయింగ్ నిజమో కాదో ఊరికే నమ్మొద్దు. ఏవైనా పది వాల్వులు మీరే ఎంచుకుని తవ్వించి చూడండి. రెండు దొరక్కపోతే డ్రాయింగ్ సరిచేసి ఇచ్చేదాకా సంతకం పెట్టకండి. పూడ్చిన తర్వాత ఆ సమాచారం మళ్లీ దొరకదు.

నాగావళి_గట్టు

ఆఖరుగా, కౌన్సిల్ అజెండాలో ఏం పెట్టాలి? నివేదిక మొత్తం చదవరు.

పద్దులపుస్తకం

రెండు పేజీలు పెట్టండి. మొదటి పేజీలో మార్కులు ఎక్కువ వచ్చిన పది ఆస్తులు, ఒక్కోదానికి ఫొటో, ఆగితే ఎన్ని ఇళ్లకు నీళ్లు రావు, బాగుచేసే ఖర్చు. రెండో పేజీలో ఏడాదికి కావాల్సిన పునరుద్ధరణ మొత్తం, ఇప్పుడు నిజంగా పెడుతున్నది, తేడా. తేడా రూ.25 లక్షలు ఉంటే మొదటి ఏడాదే అంతా అడగకండి. రూ.6 లక్షలతో విడి పద్దు తెరిపించండి, ఏటా పెంచే మెట్లు తీర్మానంలోనే రాయించండి. ఆ పద్దులోంచి కొత్త పనులకు మళ్లించకూడదని కూడా అందులోనే ఉండాలి.

ఏ పనికి ఏ డబ్బు అన్నది ముందే విడదీయండి. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి మనలాంటి పట్టణాలకిచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికి కట్టుబడినది, 40 శాతం స్వేచ్ఛగా వాడుకునేది. అలాంటి షరతులున్న డబ్బు వచ్చినప్పుడు ఎస్టిమేటు సిద్ధంగా ఉన్న ఊరు వాడుకుంటుంది, లేని ఊరు హడావిడిగా ఇంకో సీసీ రోడ్డు వేస్తుంది. పైన ఉన్న పది ఆస్తులకూ ఎస్టిమేట్లు ఇప్పుడే రాయించి ఉంచండి. ఏటా రేట్లు మార్చితే సరిపోతుంది.

వంశధార

ఇంకొకటి కలపండి. పట్టిక ఎవరి పేరు మీద ఉందో తీర్మానంలో హోదాతో రాయించండి. మరమ్మతు బిల్లుతో పాటు ఆస్తి నంబరు, తీసిన భాగం ఫొటో లేకపోతే బిల్లు పాస్ చేయకూడదన్న ఒక్క నియమం పెడితే, రిజిస్టరు దానంతటదే తాజాగా ఉంటుంది. దాని కోసం వేరే మనిషి అక్కర్లేదు.

బహుదా_ఫిట్టర్

ఆ తీర్మానంలో వాల్వు కీలు కూడా రాయించండి సార్. టీ-కీ రెండు పొడుగులు కావాలి, ఒక మీటరుది, రెండు మీటర్లది. స్పిండిల్ టోపీ సైజులు అన్నీ ఒకటి కావు, సాకెట్లు మార్చుకునేలా చేయించాలి. చాంబర్ మూతలు, రోడ్డు లెవెల్‌కు ఎత్తడానికి రింగులు ఒక ఇరవై సెట్లు. వేసవి సరఫరా మొదలవ్వకముందు, అంటే ఫిబ్రవరి లోపల, వందలో ఉన్న వాల్వులన్నీ ఒకసారి తిప్పీయాలి. ఏప్రిల్‌లో పట్టుకుంటే స్పిండిల్ విరిగిన రోజు ఆ వార్డుకు నీళ్లు ఉండవు.